పాత సెస్నా కొనేముందు చూసుకోవాల్సినవి

గంటలు తక్కువ తిరిగింది అనగానే సంబరపడకండి. 1978 నాటి సెస్నా 172 (నాలుగు సీట్ల చిన్న విమానం) గత పదేళ్లలో రెండొందల గంటలే ఎగిరిందంటే, మిగతా కాలమంతా కదలకుండా పడుందన్నమాట. దాని లైకమింగ్ కంపెనీ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులు తెరిపించే కడ్డీ) పైన ఉంటుంది. బండి ఆగి ఉంటే ఆయిలంతా కిందికి జారి అది పొడిబారుతుంది. కృష్ణపట్నం, రామాయపట్నం వైపు ఉప్పుగాలి తగిలిందా, ఇక తుప్పే. స్టార్ట్ చేసిన ప్రతిసారీ క్యామ్, దాన్ని ఆనుకుని కదిలే ట్యాపెట్లు గీరుకుపోతాయి. "నెలకోసారి పది నిమిషాలు తిప్పుతున్నాం" అంటే అది ఇంకా చేటు: ఆయిల్ సరిగా వేడెక్కదు, లోపలి తేమ పోదు. వారం వారం ఎగిరే ఇంజిన్‌కి గంటలు ఎక్కువైనా అదే నయం.

1977–80 మధ్య వచ్చిన 172ఎన్ మోడల్‌లో ఓ-320-హెచ్2ఏడీ ఇంజిన్ ఉంటుంది. దీనికి ట్యాపెట్ల బెడద పాతదే. పైగా స్పార్క్ ఇచ్చే రెండు మ్యాగ్నెటోలూ ఒకే డ్రైవ్ మీద తిరుగుతాయి, అది పోతే రెండూ పోయినట్టే. ఆయిల్ ఫిల్టర్ కోయించి, కాగితం మడతలు విప్పి అయస్కాంతం ఆడించండి. ఇనుప రజను అంటుకుంటే బేరం అక్కడే ఆపేయడం మంచిది.

తర్వాత కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లలోకి గాలి ఎక్కించి ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూడటం. ఇంజిన్ వేడిగా ఉండగానే, లైసెన్సున్న ఇంజినీరు చేతే చేయించాలి. గాలి ఎక్కిస్తే ప్రొపెల్లర్ విసురుగా తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది. 80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెడితే 70 పైన నిలబడాలి. 60 కంటే తగ్గినా, సిలిండర్ల మధ్య తేడా 15 దాటినా విప్పుడు ఖర్చు లెక్కేసుకోండి. బుస్సుమనే శబ్దం సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్ వైపు వస్తే ఇన్‌టేక్ వాల్వ్, ఆయిల్ పోసే గొట్టంలో వస్తే రింగులు.

బాడీకి టార్చి, చిన్న అద్దం చాలు. బ్యాటరీ పెట్టె కింద, కార్పెట్ ఎత్తి నేల మీద, తోక లోపల చూడండి. పెయింటు బొబ్బలెక్కి కింద తెల్లపొడి రాలితే తుప్పు రేకుని తినేస్తోందని అర్థం. కంట్రోల్ కేబుళ్ల మీద పాతగుడ్డ లాగండి, తెగిన పోగు ఉంటే గుడ్డ పట్టుకుంటుంది. సీటు పట్టాల రంధ్రాలు అరిగాయేమో తప్పక చూడాలి. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారితే పైలట్ కంట్రోల్ పట్టుకునే వెనక్కి పోతాడు, ముక్కు పైకి లేచి విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలకి ఎత్తే బలం పోయి పడిపోతుంది.

కాగితాల్లో విమానానికి బిగించిన డేటా ప్లేట్ మీది నంబరు, రిజిస్ట్రేషన్, లాగ్‌బుక్కులు మూడూ కలవాలి. ఓవర్‌హాల్‌కి (ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడానికి) లైకమింగ్ చెప్పేది 2000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందైతే అది. అమ్మేవాళ్లు గంటలే చెబుతారు, మీరు ఏళ్లు అడగండి. ప్రొపెల్లర్ ఎప్పుడైనా నేలకి తగిలిందా, తగిలితే ఇంజిన్ విప్పి చూశారా అన్నది రాతలో ఉండాలి. బ్యాంకు తాకట్టు ఉంటే అది తీరాకే డబ్బు.

ఎక్కడ నిలుపుతారో కూడా ముందే తేల్చుకోండి. దొనకొండలో బ్రిటిష్ కాలపు రన్‌వే ఉందని దాన్ని నమ్ముకోవద్దు. తిరుపతి, చెన్నై వైపు హ్యాంగర్ కోసం అడిగి, అద్దె కాగితం మీద రాయించుకోండి. బయటి దేశం బండి అయితే డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతి చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.