మూలాలు వెతకాలంటే ఆడవాళ్ల పేర్ల నుంచి మొదలుపెట్టండి

కోనసీమలో రిజిస్ట్రారు ఆఫీసు పక్కన దస్తావేజులు రాయడం నా వృత్తి. పొలం పని మీద వచ్చినవాళ్లు మాటల్లో మాటగా "మా వంశవృక్షం తయారు చేద్దామనుకుంటున్నానండీ, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" అని అడుగుతుంటారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. ఇంటిపేరు కాసేపు పక్కన పెట్టండి. దాని వెంట పోతే తండ్రి, తాత, ముత్తాత తేలిగ్గానే దొరుకుతారు. వాళ్లను కన్న ఆడవాళ్ల పుట్టిల్లు ఏ ఊరో మాత్రం రెండు తరాలు దాటితే ఇంట్లో ఎవరికీ తెలియదు. తద్దినాల్లో తాతమ్మ పేరు పలుకుతారు గానీ ఆమె పుట్టింటివారి పేరు పలకరు కదా. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పిండప్రదానానికి పేర్లు ఎలాగూ రాసుకుంటారు, అప్పుడే పక్కన ఇంకో గడి గీసి పుట్టింటి పేరు, ఊరు రాయండి.

ముందు ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చోండి, ఫోన్లో రికార్డింగ్ పెట్టుకోండి. "ఏ సంవత్సరంలో పుట్టావు మామ్మా?" అంటే జవాబు రాదు. "86 వరదకి నీకు మనవలున్నారా? 53 వరదకి పెళ్లయిందా?" అనండి, లెక్క తేలిపోతుంది. ఇంకా వెనక్కి వెళ్లాలంటే తెలుగు సంవత్సరాలు పనికొస్తాయి. "మా అత్తగారు రక్తాక్షిలో పుట్టిందట" అంటే అది 1924 అయినా కావాలి, అరవై ఏళ్లు వెనక 1864 అయినా కావాలి. పిల్లల వయసులు చూసి ఏదో తేల్చుకోండి. ధాత కరువు అంటే 1876. పురిటికి ఏ ఊరు వెళ్లేవారు, సారె ఎక్కడి నుంచి వచ్చేది అని అడగడం మరిచిపోకండి. ఆడవాళ్ల జ్ఞాపకాలు ఈ రాకపోకల చుట్టూనే ఉంటాయి.

తర్వాత ట్రంకుపెట్టెలో ఉన్న పాత దస్తావేజులు తియ్యండి. చాలామంది విస్తీర్ణం చూసి మడిచేస్తారు. నాకు ఇష్టమైనది మిగతా భాగం. మా ఇంట్లో ఒక దఖలు దస్తావేజు ఉంది. మా మామ్మ తల్లికి ఆవిడ తండ్రి పసుపు కుంకుమ కింద ఇచ్చిన పల్లం చెక్క, అంటే వరి పొలం ముక్క అది. ఆయన పేరు, తండ్రి పేరు, కులం, ఒక లంక గ్రామంలో కాపురం అని రాసి, వృత్తి దగ్గర "పడవ వ్యాపారం" అని ఉంది. మేమంతా తరతరాలుగా వ్యవసాయదారులమనే అనుకుంటూ పెరిగాం. కాలవల మీద ధాన్యం పడవలు నడిపిన మనుషులు మాలో ఉన్నారని ఆ ఒక్క మాటతో తెలిసింది. హద్దులు ఇంకా విలువైనవి. "తూర్పు: పంట బోదె, దక్షిణం: ఫలానావారి భూమి" అని ఉంటుంది. అన్నదమ్ములు పంచుకున్న చెక్కలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆ ఫలానావారు చాలాసార్లు మన దాయాదులే. భాగపరిష్కార దస్తావేజు దొరికితే అన్నదమ్ములందరి పేర్లూ ఒకే చోట దొరికినట్టే.

మీ దగ్గర కాగితం లేకపోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీసుకోవచ్చు. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకం సూచికల్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, 1908 రిజిస్ట్రేషన్ చట్టమే ఆ హక్కు ఇచ్చింది. 1983కి ముందువాటికి చేతిరాత సూచికలు వెతకాలి, ఓపిక కావాలి. మీ ఊరు అప్పట్లో వేరే ఆఫీసు కింద ఉండేదేమో ముందు కనుక్కోండి.

యానాంతో చుట్టరికం ఉంటే అక్కడి ఫ్రెంచి కాలపు జనన, వివాహ, మరణ రిజిస్టర్ల గురించి వాకబు చెయ్యండి. 1954 దాకా అక్కడ పాలన ఫ్రెంచివాళ్లదే. "తాత రంగం వెళ్లాడు, తిరిగి రాలేదు" అనే మాట చాలా ఇళ్లలో వింటాం. రంగం అంటే బర్మాలోని రంగూన్. కోరంగి, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లినవాళ్లు వేలమంది. 1942లో జపాను సైన్యం వచ్చాక కాలినడకన తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ పేరు దగ్గర ఖాళీ వదలకుండా "రంగం" అని రాయండి.

వంశాలు చెప్పే పిచ్చుకగుంట్లవారు మీకు తారసపడితే శ్రద్ధగా వినండి, గౌరవంగా సంభావన ఇవ్వండి. రాజుల సంతతి అని చెప్పిన చోట మాత్రం పెన్ను ఆపండి. రాజుల కోసం వెతికితే పడవ నడిపిన ముత్తాత కనబడడు, నాకు ఆయనే కావాలి.

స్వచ్ఛమైన రక్తం మాట కూడా వదిలేద్దాం. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్‌తో కలిసి 2009లోనూ 2013లోనూ ప్రచురించిన పరిశోధనల ప్రకారం, మనలో దాదాపు అందరం పాత జనసమూహాలు కలిసిపోగా పుట్టినవాళ్లమే. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యలో జరిగింది. ఆ తర్వాతే ఎవరి కులంలో వాళ్లు పెళ్లిళ్లు చేసుకోవడం బిగిసింది.

దీనివల్ల ఇంట్లో పనికొచ్చే సంగతి ఒకటుంది. వైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్‌లో కండరాలు వదులు చెయ్యడానికి ఇచ్చే ఒక మందు ప్రభావం చాలాసేపు దిగదు, అది వంశపారంపర్యంగా వస్తుంది. మన వైపు మేనరికాలు కూడా ఎక్కువ. అందుకని ప్రతి పేరు పక్కనా తెలిసిన జబ్బు, పోయినప్పటి వయసు, మేనరికమైతే ఆ సంగతి రాయండి. రేపు మనవరాలి పెళ్లప్పుడు డాక్టరు ముందుగా అడిగేది అదే.

తయారైన కాగితం ఒక్క ఇంట్లో దాచకండి. జిరాక్సులు తీయించి, అత్తారింటికి వెళ్లిన ఆడపడుచులకు కూడా తలొకటి ఇచ్చి, వాళ్ల పిల్లల పేర్లు వాళ్ల చేతే ఎక్కించండి.