రాయగడ ఎత్తుల్లో సైకిల్ మీద డ్యూటీకి

బరువు తగ్గుదామని సైకిలెక్కితే ముందు పట్టేసేవి మోకాళ్లు. చాలాసార్లు సీటు కిందికి ఉండటమే కారణం. కూర్చుని, అట్టడుగున ఉన్న పెడల్‌ మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా రావాలి. మోకాలు వంగితే సీటు పెంచండి. తొక్కేటప్పుడు నడుం అటూ ఇటూ ఊగితే కాస్త దించండి.

గాలి వారానికోసారి, టైరు పక్కన అచ్చేసినంత. తక్కువైతే గుంతలో రిమ్ము ట్యూబును నొక్కేసి జంట చిల్లులు పెడుతుంది.

ఒడిశాలో బరంపురం చదునుకు గేర్లు లేకున్నా నడుస్తుంది. రాయగడ, కొరాపుట్ వైపు మాత్రం ఉండాల్సిందే. ఎత్తు మొదలవకముందే గేరు తగ్గించండి; బలంగా తొక్కుతూ మారిస్తే చైను జారుతుంది. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం చాలు.

70 కిలోల మనిషికి అరగంటలో కరిగేది సుమారు 200–250 కేలరీలే. ఆఫీసు ముందు రెండు వడలు లాగిస్తే చెల్లుకు చెల్లు!