మోటార్‌హోమ్‌లో డిమ్మర్‌తో ఎల్‌ఈడీ బల్బులు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

అమెరికాలో పాత మోటార్‌హోమ్ (ఇల్లులా లోపలే ఉంటూ ప్రయాణించే బండి) కొన్న మనవాళ్లకి నేను ముందు చెప్పేది లోపలి బల్బులు మార్చుకోమని. ఫిలమెంట్ ఉండే పాత 921 రకం బల్బు ఒక్కటే దాదాపు 1.4 ఆంపియర్లు లాగుతుంది. పది వెలిగిస్తే 14. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 100 ఆంపియర్-అవర్ అనుకుంటే అందులో సగానికి మించి వాడకూడదు, అంటే మూడున్నర గంటల్లో కథ ముగిసినట్టే. ఎల్‌ఈడీ అయితే దాదాపు అంతే వెలుగు పావు ఆంపియర్‌తో వస్తుంది. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్క్‌లో తప్ప పార్కు లోపలి మిగతా క్యాంప్‌గ్రౌండ్లలో బండికి కరెంటు తగిలించుకునే హుకప్ ఉండదు, అలాంటి చోట రెండు రాత్రులు ఉండాలంటే ఈ తేడా బాగా తెలుస్తుంది.

బల్బు మార్చడం వరకు పెద్ద పనేం కాదు. డిమ్మర్ (వెలుగు పెంచి తగ్గించే స్విచ్) కూడా కావాలనుకున్నప్పుడే చిక్కులు మొదలవుతాయి, ఎందుకంటే బల్బు డబ్బా మీద "డిమ్మబుల్" అని ఉన్నా అది ఏ డిమ్మర్‌తో పనిచేస్తుందో అక్కడ రాయరు. బల్బు మంచిదే, డిమ్మర్ మంచిదే, రెండూ కలిపితే కుదరదు. అందుకే ఇరవై బల్బుల ప్యాక్ ముందే కొనకండి. ఒక బల్బు, ఒక డిమ్మర్ తెచ్చి ఒక దీపానికి పెట్టి చూసి, తర్వాతే మిగతావి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, షోర్ పవర్ కేబుల్ (బయటి నుంచి బండికి కరెంటు తెచ్చే వైరు) కూడా పీకేయండి. రెండూ చేయాలి. బ్యాటరీ తీసినా ప్లగ్ పెట్టి ఉంటే కన్వర్టర్ (బయటి 120 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చేది) 12 వోల్టులు పంపిస్తూనే ఉంటుంది. పైన సోలార్ ప్యానెల్ ఉంటే దాన్నీ ఆపండి. ఇంకో మాట, వైరు రంగు చూసి నమ్మొద్దు. చాలా మోటార్‌హోమ్‌లలో 12 వోల్టుల వైరింగ్‌లో నలుపు పాజిటివ్, తెలుపు నెగటివ్. అదే బండిలో 120 వోల్టుల వైర్లు కూడా నలుపు, తెలుపే ఉంటాయి. కాబట్టి ఏ వైరు కత్తిరించాలన్నా ముందు మల్టీమీటర్ పెట్టి చూడాల్సిందే.

డిమ్మర్ తిప్పినా వెలుగు తగ్గదు, లేదా చివర్లో ఒక్కసారిగా ఆరిపోతుంది

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. మంచి ఎల్‌ఈడీ బల్బు లోపల ఒక చిన్న డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది, దాని మీద 10–30 వోల్టులు అని రాసి ఉంటుంది. ఆ పరిధిలో ఎంత వోల్టేజ్ ఇచ్చినా వెలుగు ఒకేలా ఉంచడమే దాని పని. పాత బండ్లలో గోడకి ఉండే డిమ్మర్ రియోస్టాట్ రకం అయితే, అది మధ్యలో రెసిస్టెన్స్ పెట్టి వోల్టేజ్ తగ్గిస్తుంది. లెక్క వేసి చూడండి: పాత బల్బు రెసిస్టెన్స్ దాదాపు 9 ఓమ్‌లే, దాని ముందు 10 ఓమ్‌ల రియోస్టాట్ పెడితే వోల్టేజ్‌లో సగానికి పైగా రియోస్టాట్‌లోనే పడిపోతుంది, బల్బు బాగా మసకబారుతుంది. అదే ఎల్‌ఈడీకి పావు ఆంపియర్ దగ్గర పడేది రెండున్నర వోల్టులే. బ్యాటరీ 12.8 దగ్గర ఉంటే బల్బుకి ఇంకా 10.3 అందుతోంది, డ్రైవర్‌కి అది చాలు, వెలుగు ఎందుకు తగ్గుతుంది? ఇంకాస్త తిప్పితే పరిధి దాటి టక్కున ఆగిపోతుంది.

పరిష్కారం: రియోస్టాట్ తీసేసి 12 వోల్టుల డీసీ పీడబ్ల్యూఎం (పల్స్ విడ్త్ మాడ్యులేషన్) డిమ్మర్ పెట్టండి. ఇది వోల్టేజ్ తగ్గించదు, సెకనుకి వందలసార్లు కరెంటు ఇచ్చి ఆపుతుంది, ఆపి ఉంచే సమయం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. బల్బు కూడా పీడబ్ల్యూఎంతో డిమ్ అవుతుందని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి.

ఇంటి గోడకి పెట్టే 120 వోల్టుల డిమ్మర్ మాత్రం ఇక్కడికి తేవద్దు. ఏసీ కరెంటు సెకనుకి 120 సార్లు సున్నాకి వస్తుంది, ఆ డిమ్మర్ ఆగేది ఆ క్షణంలోనే. డీసీలో ఆ సున్నా రాదు కాబట్టి ఒకసారి ఆన్ అయితే ఆన్‌లోనే ఉండిపోతుంది.

వెలుగు రెపరెపలాడుతోంది

ఇక్కడ తొందరపడి బల్బులు వాపసు పంపకండి, కారణాలు నాలుగైదు ఉంటాయి, ఒక్కొక్కటీ తేల్చుకుంటూ పోవాలి. ముందు డిమ్మర్‌ని ఫుల్‌లో పెట్టండి. ఫుల్‌లో నిలకడగా ఉండి, తగ్గించినప్పుడే వణికితే బల్బులోని డ్రైవర్‌కీ డిమ్మర్‌కీ పొసగడం లేదని అర్థం: కరెంటు ఆగి వచ్చిన ప్రతిసారీ డ్రైవర్ మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవ్వాలని చూస్తోంది. బల్బు మార్చండి, లేదా వేరే ఫ్రీక్వెన్సీ ఉన్న డిమ్మర్ ప్రయత్నించండి.

ఫుల్‌లో కూడా వణుకుతుంటే షోర్ పవర్ పీకి బ్యాటరీ మీద నడపండి. వణుకు ఆగిందా? అయితే తప్పు కన్వర్టర్‌ది. పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం కన్వర్టర్లు ఇచ్చే డీసీ నునుపుగా ఉండదు, పాత బల్బులో ఫిలమెంట్ వేడిగానే ఉండటం వల్ల అది కంటికి తెలిసేది కాదు, ఎల్‌ఈడీ దాన్ని బయటపెడుతుంది. బ్యాటరీ కనెక్షన్లు గట్టిగా ఉన్నాయో లేదో చూడండి, బ్యాటరీ సరిగ్గా కలిసి ఉంటే ఆ హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి. అప్పటికీ పోకపోతే కొత్త స్విచింగ్ రకం కన్వర్టర్ వేసుకోవడమే మేలు, అది బ్యాటరీని కూడా బాగా చూసుకుంటుంది.

నీళ్ల పంపు ఆన్ అయినప్పుడే వెలుగు తగ్గితే ఎక్కడో కనెక్షన్ వదులైంది. పంపు నడుస్తుండగా దీపం దగ్గర, బ్యాటరీ దగ్గర వోల్టేజ్ చూడండి. బ్యాటరీ దగ్గర 12.5 ఉండి దీపం దగ్గర 11 ఉంటే మధ్యలో తుప్పు పట్టిన నెగటివ్ కనెక్షన్‌ని వెతకండి. బండి కదిలేటప్పుడే వణికితే హోల్డర్‌లో స్ప్రింగ్ వదులై ఉంటుంది, శుభ్రం చేసి కాస్త పైకి వంచితే సరి.

డిమ్మర్ ఆఫ్ చేసినా దీపం ఫుల్‌గా వెలుగుతుంది

డిమ్మర్ చెడిపోయిందనుకుంటారు, కాదు. చవక డిమ్మర్లు చాలావరకు నెగటివ్ వైపు కట్ చేస్తాయి. ఎల్‌ఈడీ స్ట్రిప్‌కి అది సరిపోతుంది గానీ మోటార్‌హోమ్‌లో దీపం బాడీ ఛాసిస్‌కి (బండి ఇనుప చట్రానికి) తగిలి ఉన్నా, నెగటివ్ వైరు వేరే దీపంతో కలిసి ఉన్నా కరెంటు డిమ్మర్‌ని తప్పించుకుని ఆ దారిన వెళ్లిపోతుంది. పాజిటివ్ వైపు కంట్రోల్ చేసే డిమ్మర్ కొనండి, దాన్ని హై సైడ్ అంటారు.

డిమ్మర్ పెట్టాక ఫ్యాన్ మోగుతోంది

ఇది నేను అందరికీ గట్టిగా చెప్పే విషయం. మోటార్‌హోమ్‌లో లైట్ల ఫ్యూజ్ మీదే పైకప్పు ఫ్యాన్, స్టవ్ మీది ఫ్యాన్, కొన్నిట్లో గ్యాస్ డిటెక్టర్ కూడా ఉంటాయి. డిమ్మర్‌ని ఫ్యూజ్ పక్కనే పెట్టేస్తే ముక్కలైన కరెంటు వాటన్నిటికీ వెళ్తుంది. ఫ్యాన్ మోటారు గోల పెడుతుంది, డిమ్మర్ కాలిపోవచ్చు. గ్యాస్ డిటెక్టర్ సరిగ్గా పనిచేయకపోతే అది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. ఫ్యూజ్ తీసేసి ఏమేం ఆగిపోయాయో బండి అంతా తిరిగి చూడండి, లైట్లు తప్ప ఇంకేం లేని వైరు కొమ్మ మీదే డిమ్మర్ పెట్టండి.

ఒక్క బల్బు అసలు వెలగదు

ప్లస్, మైనస్ తారుమారై ఉంటుంది. 921 లాంటి బల్బుని తీసి అటుదిటు తిప్పి పెట్టండి. 1156 లాంటి తిప్పి బిగించే బల్బుని అలా తిప్పలేం, దీపం వెనక వైర్లు మార్చాలి, లేదా ఎటు పెట్టినా వెలిగే నాన్ పోలార్ బల్బు కొనాలి. కొనేటప్పుడు బల్బు అడుగున కరెంటు తగిలే చుక్క ఒకటుందా రెండున్నాయా చూసుకోండి. 1156కి ఒకటే.

ఆఫ్ చేసినా మసగ్గా వెలుగుతోంది

స్విచ్‌లో ఇండికేటర్ దీపం ఉందా? దాని గుండా పారే కొద్దిపాటి కరెంటు ఎల్‌ఈడీకి సరిపోతుంది. బల్బు రెండు వైర్ల మధ్య (ప్యారలల్‌గా) 1000 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్ కలిపితే సాధారణంగా ఆగిపోతుంది.

రేడియోలో గరగర

బల్బు డ్రైవర్ నుంచో డిమ్మర్ నుంచో వస్తుంది. ఒక్కొక్క బల్బు తీస్తూ ఏది కారణమో కనుక్కుని, ఆ వైరుకి ఫెర్రైట్ (ఇలాంటి గరగరని అడ్డుకునే చిన్న రింగు) బిగించండి, తగ్గకపోతే బల్బు మార్చేయండి.

వెలుగు తగ్గించినా హాయిగా లేదు

పాత బల్బు తగ్గించేకొద్దీ ఎర్రబడేది. ఎల్‌ఈడీ రంగు మారదు, 6000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) బల్బు తగ్గించినా ఆసుపత్రి వార్డులాగే ఉంటుంది. 2700 తీసుకోండి, వంటగట్టు మీదకి కావాలంటే 4000. వెలుగు కోసం వాట్లు కాదు, ల్యూమెన్లు (ఎంత వెలుగిస్తుందో చెప్పే కొలత) చూడండి: పాత 1156 ఇచ్చేది 400, 921 ఇచ్చేది 260 దాకా.

కొన్ని నెలలకే బల్బులు పోతున్నాయి

ఛార్జింగ్ అప్పుడు సిస్టమ్ 14.4 వోల్టుల దాకా వెళ్తుంది. లోపల రెసిస్టర్ మాత్రమే ఉన్న చవక బల్బులు ఆ వోల్టేజ్ దగ్గర మరీ ఎక్కువ కరెంటు తీసుకుని వేడెక్కి పోతాయి. నిజానికి పీడబ్ల్యూఎంతో ఏ గొడవా లేకుండా డిమ్ అయ్యేవి ఆ చవక బల్బులే, అదే ఇబ్బంది. రోజూ వెలిగే దీపాలకి డబ్బు ఎక్కువైనా 10–30 వోల్టులు, పీడబ్ల్యూఎం రెండూ రాసి ఉన్నవే కొనండి, ఎప్పుడో వాడే అలమార దీపానికి చవకది చాలు. డిమ్మర్ విషయానికొస్తే ఎనిమిది బల్బులకి 2 ఆంపియర్లే అవుతాయి, 5 ఆంపియర్ల డిమ్మర్ తీసుకుని దాని ముందు 3 ఆంపియర్ల ఫ్యూజ్ వేయండి, పాత 15 ఆంపియర్ల ఫ్యూజ్ ఆ చిన్న డిమ్మర్‌ని కాపాడలేదు.