కుందేలు దవడలో చీముగడ్డ: వైద్యం ఎలా నిర్ణయించుకోవాలి?

కుందేలు దవడ కింద గోలీ అంత గట్టి ఉబ్బు చేతికి తగిలితే "కోసి చీము తీసేస్తే సరిపోతుంది కదా" అంటారు చాలామంది. తొందరపడి ఆ పని చేయించొద్దు. కుందేలు చీము నీళ్లలా కారిపోదు, టూత్‌పేస్టులా గట్టిగా ఉంటుంది. చుట్టూ మందపాటి సంచి కూడా ఉంటుంది. అసలు రోగం పంటి వేరు దగ్గరుంటే, పైన గాటు పెట్టి పిండినా గడ్డ మళ్లీ వస్తుంది.

ముందు తిండి చూడండి. పన్నెండు గంటలుగా ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా పేగుల కదలిక ఆగిపోతున్నట్టే. అప్పుడు గడ్డ సంగతి తర్వాత, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ మాత్ర మాత్రం నోట్లో వేయకండి. మనకు మంచిదే, కుందేలుకు మాత్రం పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాను చంపి ప్రాణం మీదికి తెస్తుంది.

తర్వాత తలకు ఎక్స్‌రే తీయించాలి. కుందేలుకున్న 28 పళ్లూ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఎండుగడ్డి నమలకుండా క్యారెట్లూ బిస్కెట్లూ తినే వాటికి పళ్లు అరగక ఈ తిప్పలు ఎక్కువ. ఏ పన్ను చెడింది, చీము ఎముకను ఎంత తినేసింది అన్నది తెలియకుండా ఏ నిర్ణయమూ తీసుకోలేం. కడప వాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, ఆ తర్వాత తిరుపతి. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ దగ్గర. బయల్దేరే ముందే ఫోన్ చేసి, కుందేళ్లకు మత్తు ఇచ్చిన అలవాటు ఉందా అని అడగండి. ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు ఉంచమంటే ఇంకొకరిని వెతుక్కోండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దానికి పస్తు అక్కర్లేదు, పైగా ప్రమాదం. మన ఎండలకు ప్రయాణం తెల్లవారుజామునే పెట్టుకోండి. బుట్టలో గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఉంచండి.

చెడింది ఒకటి రెండు పళ్లే అయి, కుందేలు తింటూ ఉంటే ఆపరేషన్‌కు నా ఓటు. సంచితో సహా గడ్డ తీసి, పన్ను పీకి, చాలాసార్లు గాయాన్ని తెరిచే ఉంచుతారు. దాన్ని వారాల తరబడి కడగాలి. ఇంట్లో ఎవరు కడుగుతారో ముందే తేల్చుకోండి. ఖర్చు అడిగేటప్పుడు ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తిరిగే ఖర్చు కూడా కలిపి అడగండి.

చీము ఎముకలోకి లోతుగా దిగిందా, కంటి వెనక్కి పాకిందా, కుందేలు ముసలిదా? అప్పుడు నొప్పి మందూ, కుందేలుకు సరిపడే యాంటీబయాటిక్కూ దీర్ఘకాలం వాడటం ఒక దారి. గడ్డ పోకపోవచ్చు గానీ నెలల తరబడి హాయిగా తిరిగే కుందేళ్లున్నాయి. మందు వేసినా కొత్తిమీర కట్ట వైపు కూడా చూడకుండా మూలన ముడుచుకుని ఉంటే, నొప్పి తెలియకుండా కన్నుమూయించడం గురించి డాక్టరుతో మాట్లాడండి. ఆ మాట ఎత్తినందుకు తప్పు చేసినట్టు కుమిలిపోనక్కర్లేదు.

ఏ దారి పట్టినా రోజూ వంటింటి త్రాసు మీద తూచి, బరువు నోట్‌బుక్‌లో రాయండి. తర్వాతిసారి డాక్టరు మొదట చూడాల్సింది ఆ పేజీనే.