పాత మోటార్ యాట్ ఇంజిన్‌లో ఊరూ పేరూ తెలియని భాగాన్ని గుర్తుపట్టి మార్చడం

పాత యాట్ కొని ఇంజిన్ రూంలోకి దిగినవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. అక్కడున్న ఇంజిన్ చాలావరకు ఒక కంపెనీ తయారు చేసింది కాదు. 1970లు, 80ల నాటి పడవల్లోని డీజిల్ ఇంజిన్లలో ఎన్నో లారీ కోసమో ట్రాక్టర్ కోసమో పుట్టినవే, వాటిని ఇంకో కంపెనీ కొని సముద్రానికి పనికొచ్చేలా మార్చి అమ్మింది. గ్రాండ్ బ్యాంక్స్ పడవల్లో విరివిగా కనిపించే ఫోర్డ్ లేమన్ 120నే తీసుకోండి. అసలు ఇంజిన్ ఇంగ్లండ్ ఫోర్డ్‌ది, ఆరు సిలిండర్లు, 380 ఘనపుటంగుళాలు. దానికి ఉప్పునీటి పంపు, హీట్ ఎక్స్‌చేంజర్ (ఉప్పునీటితో ఇంజిన్ లోపలి నీళ్లను చల్లబరిచేది), నీళ్లతో చల్లబడే మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకచోట చేర్చే గొట్టం) లాంటివి అమర్చింది అమెరికాలోని లేమన్ కంపెనీ.

కాబట్టి తెలియని ముక్క కనబడితే మొదటి ప్రశ్న ఇది: అసలు ఇంజిన్‌తో వచ్చిందా, పడవ కోసం తర్వాత తగిలించిందా? గాస్కెట్లు, లిఫ్ట్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ తోడేది), ఇంజెక్టర్లు, థర్మోస్టాట్ లాంటివి సాధారణంగా మొదటి రకం, లారీ ట్రాక్టర్ విడిభాగాల షాపుల్లో కూడా దొరకొచ్చు, ధర కూడా తక్కువ. ఉప్పునీరు తగిలే భాగాలు దాదాపు అన్నీ రెండో రకం. ఈ తేడా చూసుకోకుండా "యాట్ పార్ట్" అని అడిగితే డబ్బులు అనవసరంగా పోతాయి.

ఇంజిన్ ఏదో తేల్చడానికి రంగును నమ్మొద్దు, ఎవరో ఎప్పుడో మళ్లీ పెయింట్ వేసి ఉంటారు. బ్లాక్ మీద చెక్కిన నంబరు వెతకండి. పెయింట్ కింద ఉంటే గీకొద్దు, అంకెలు పోతాయి, పెయింట్ రిమూవర్ రాసి గుడ్డతో తుడిచి టార్చి పక్క నుంచి వేస్తే కనబడతాయి. మోడల్ పేరే కొన్నిసార్లు సగం చెప్పేస్తుంది: పెర్కిన్స్ 6.354 అంటే ఆరు సిలిండర్లు, మొత్తం 354 ఘనపుటంగుళాలు. డెట్రాయిట్ 6-71 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోదానికి 71. (మన పొలాల్లో తిరిగే మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల సింప్సన్ ఇంజిన్ మూలం కూడా పెర్కిన్సే, ఆ ఇంజిన్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌కి పాత పెర్కిన్స్ పెద్ద కొత్తేమీ కాదు.) రెండు ఇంజిన్ల పడవైతే ఇంకో జాగ్రత్త. ఒకటి కుడికి, ఇంకోటి ఎడమకి తిరిగేవి ఉంటాయి, అప్పుడు స్టార్టర్ మోటార్ లాంటివి ఒకదానివి ఇంకోదానికి పనికిరావు.

ఇక ఆ ముక్క దేనికి పనికొస్తుందో తెలియకపోతే గొట్టాల వెంట వెళ్లండి, చెయ్యి పెట్టి, ఒక్కోటీ. ఉప్పునీరు సీకాక్ (పడవ గోడకి ఉండే నీళ్ల వాల్వు) దగ్గర లోపలికొచ్చి స్ట్రైనర్ (చెత్తని ఆపే జల్లెడ), పంపు, ఆయిల్ కూలర్, హీట్ ఎక్స్‌చేంజర్ దాటి ఎగ్జాస్ట్ ఎల్బోలో పొగతో కలిసి బయటికి పోతుంది. డీజిల్ ట్యాంకు నుంచి మొదటి ఫిల్టర్, లిఫ్ట్ పంపు, రెండో ఫిల్టర్, ఇంజెక్షన్ పంపు, ఇంజెక్టర్లు, మిగిలింది వెనక్కి ట్యాంకుకి. ఈ రెండు దారులు కాగితం మీద గీసుకుంటే పేరు తెలియని ముక్కల్లో సగానికి పైగా వాటంతట అవే పేరు చెబుతాయి. హీట్ ఎక్స్‌చేంజర్‌కి ఉండే చిన్న ఇత్తడి బిరడాని చాలామంది నీళ్లు వదిలే ప్లగ్ అనుకుంటారు. విప్పితే లోపల జింక్ కడ్డీ ఉంటుంది, మిగతా లోహం బదులు తను తినబడటానికే అది ఉంది. సగం అరిగిందంటే మార్చండి, మరలకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, లోహానికి లోహం తగలాలి. అలాగే లేమన్ 120లో సిమ్స్ ఇంజెక్షన్ పంపుకి సొంత ఆయిల్ ఉంటుంది, ఇంజిన్ ఆయిల్‌తో సంబంధం లేదు. దాని ప్లగ్‌లు ఎందుకున్నాయో తెలియక ఏళ్ల తరబడి మార్చనివాళ్లున్నారు, ఆ పంపు పోతే ఖర్చు మామూలుగా ఉండదు.

నంబరు దొరకని భాగాన్ని కొలవండి. ఆయిల్ సీల్ మీద 25×40×7 అని ఉంటే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, మిల్లీమీటర్లలో. బేరింగ్ మీద 6203 అని ఉంటే అది 17 మి.మీ. షాఫ్ట్‌ది, ఏ ఊరి బేరింగ్ షాపులో అయినా ఇస్తారు. దానికోసం పంపు మొత్తం కొనమని ఎవరైనా అంటే వినొద్దు.

మరల దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. ఇంగ్లండ్ ఇంజిన్‌కి అమెరికా సామాను తగిలిస్తే ఒకేచోట రెండు కొలతలుంటాయి. పైపు మరల్లో 1/8 సైజు తీసుకుంటే అమెరికన్ కొలత ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, బ్రిటిష్ బీఎస్‌పీకి 28. ఒకదాంట్లో ఒకటి కొంచెం ఎక్కుతుంది, సరిపోయిందనిపిస్తుంది, బిగిస్తే మరలు పోతాయి లేదా ఆయిల్ కారుతుంది. థ్రెడ్ గేజ్ (మరలు కొలిచే పరికరం) పెట్టకుండా సెండర్ (ఆయిల్ ప్రెషర్ లాంటివి కనిపెట్టి మీటర్‌కి పంపే ముక్క) కొనొద్దు. కొన్నా, దాని నిరోధం ఎన్ని ఓంలో చూడాలి: అమెరికన్ మీటర్లకు సున్నా దగ్గర 240, పూర్తిగా ఉంటే 33. యూరప్ వాటికి 10 నుంచి 180. అమెరికన్ సెండర్‌ని యూరప్ మీటర్‌కి కలిపితే ఇంజిన్ ఆగి ఉన్నా ఆయిల్ ప్రెషర్ ఫుల్ చూపిస్తుంది. అంతకంటే ప్రమాదకరమైన అబద్ధం ఇంజిన్ రూంలో ఇంకోటి లేదు.

పెట్రోల్ ఇంజిన్ అయితే చౌకగా వస్తుందని కారు ఆల్టర్నేటర్ గానీ స్టార్టర్ గానీ పెట్టొద్దు. అడుగున చేరిన పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. పడవల కోసం నిప్పురవ్వ బయటికి రాకుండా చేసినవే కొనండి.

ఇప్పుడు విప్పడం. బ్యాటరీ తీసేయండి, ఉప్పునీటి పని అయితే సీకాక్ మూసి, తాళం చెవికి ఆ మాట రాసిన చీటీ కట్టండి. నాలుగు వైపుల నుంచి ఫోటోలు, ప్రతి గొట్టానికీ టేపు మీద పేరు. బిగుసుకుపోయిన బోల్టుతో తొందరపడొద్దు. ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలి, పొద్దున వేడి చేసి, ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత విప్పే వైపు. చుట్టుపక్కల డీజిల్, గొట్టాలు ఉంటే మంట మాత్రం వద్దు.

ఎక్కువగా మార్చేది ఇంపెల్లర్, అంటే ఉప్పునీటి పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం. బయటి వ్యాసం, వెడల్పు, షాఫ్ట్ వ్యాసం, రెక్కల సంఖ్య, షాఫ్ట్‌కి కీ ఉందా పిన్ను ఉందా అన్నది రాసుకోండి. పాతదాని రెక్కలు విరిగి ఉంటే ప్రతి ముక్కా దొరికేదాకా వెతకండి, అవి హీట్ ఎక్స్‌చేంజర్ గొట్టాల మొదట్లో ఇరుక్కుని రేపు ఇంజిన్‌ని వేడెక్కిస్తాయి. కొత్తదానికి సబ్బునీళ్లో గ్లిసరినో రాయండి, గ్రీజు వద్దు, రబ్బరు పాడవుతుంది.

డీజిల్ లైన్ విప్పితే అందులో చేరిన గాలి తీయాలి. గాలి తీస్తూ స్టార్టర్‌ని పదే పదే తిప్పాల్సి వస్తే సీకాక్ మూసే ఉంచండి. ఇంజిన్ అందుకోకపోతే పంపు తోడిన నీళ్లను బయటికి నెట్టే పొగ ఉండదు, మఫ్లర్ నిండి నీళ్లు సిలిండర్లలోకి వెనక్కి వస్తాయి. పాత ఇంజిన్లు చాలా అలాగే చచ్చాయి. ఇంజిన్ అందుకున్న వెంటనే సీకాక్ తెరిచి, వెనక ఎగ్జాస్ట్ దగ్గర నీళ్లు పడుతున్నాయా చూడండి. నిమిషంలోపు పడకపోతే ఆపేయండి. పడితే అరగంట నడిపి, ఆపి, చల్లారాక మీరు విప్పిన ప్రతి క్లిప్పూ ఇంకోసారి బిగించండి.