బడిలో పిల్లలకు అండ – 3వ పాఠం: బిడ్డ నోరు విప్పినప్పుడు

చెప్పకముందే కనిపించే గుర్తులు కిందటి పాఠంలో చూశాం. ఈసారి బిడ్డే వచ్చి చెబితే ఎలా వినాలో, ఎలా రాయాలో నేర్చుకుందాం.

చెన్నై వ్యాసర్‌పాడిలో నేను తెలుగు చెప్పే రోజుల్లో, మూడో తరగతి పిల్లాడొకడు బెల్లు కొట్టినా కదల్లేదు. బ్యాగు జిప్పు తీస్తూ వేస్తూ "పీటీ సార్ అడిచ్చారు మిస్" అన్నాడు. తమిళ యాసలో "అడిచ్చారు" అంటే కొట్టారని. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇక్కడి మన పిల్లల మాట అలాగే వస్తుంది. నేను వెంటనే "ఎందుకు? నువ్వేం చేశావు?" అన్నాను. వాడు జిప్పు వేసేసి వెళ్లిపోయాడు. మర్నాడు ఎంత బుజ్జగించినా "ఏం లేదు మిస్" అన్నాడు. తప్పు వాడిదే అన్నట్టు వినిపించింది నా ప్రశ్న. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే ముందు పక్కన కూర్చోండి. "ఊఁ, తర్వాత?" చాలు. "ఇక్కడ ముట్టుకున్నారా?" అని మాట అందించకండి. రేపు విచారణలో అది వాడి మాటో, మీ మాటో తేలదు. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేయకండి, నిలబెట్టుకోలేరు. "చెప్పి మంచి పని చేశావు. సాయం చేసేవాళ్లకు మాత్రం చెబుతాను" అనండి.

ఆ రోజే రాసిపెట్టండి: తేదీ, టైము, చోటు, బిడ్డ అన్న మాటలు. "అడిచ్చారు" అంటే అలాగే రాయాలి. "దండించారు" అని దిద్దితే దెబ్బ కాస్తా క్రమశిక్షణ అయిపోతుంది. ఆ కాగితం స్టాఫ్ రూమ్‌లో వదలకండి, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. హెడ్‌మాస్టరు చెవిన వేసినంత మాత్రాన మన బాధ్యత తీరదు. "స్కూలు పేరు పోతుంది, ఆగండి" అన్నా ఆగకండి. చెప్పకపోతే 6 నెలల దాకా జైలు పడొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి చట్టమే రక్షణ ఇస్తుంది. టెన్షన్‌లో ఏమీ తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. తమిళనాడులో విద్యార్థుల కోసం 14417 కూడా ఉంది.

ఈ వారం అభ్యాసం: తోటి టీచరును మూడు నిమిషాలు ఏదైనా చెప్పమనండి. ఒక్క ప్రశ్నా వేయకుండా విని, ఆమె మాటల్లోనే రాసి చూపించండి. మీరు మార్చిన మాటల కింద ఆమెనే గీత గీయమనండి.