లాడ్జిలో దిగితే సంచిలో అటుకులు
అరసవల్లి, శ్రీకూర్మం దర్శనాలకని శ్రీకాకుళంలో రెండు మూడు రోజులు ఉండేవాళ్లు మూడు పూటలా హోటల్ తిండే తినక్కర్లేదు. మధ్యాహ్నం భోజనం ఒక్కటి బయట చేస్తే చాలు. పొద్దున్నకి అర కిలో అటుకులు, ఓ పెరుగు ప్యాకెట్, నాలుగు అరటిపళ్లు కొని పెట్టుకోండి. పల్చటి అటుకులైతే కడిగి వెంటనే పిండేయాలి, లేదంటే ముద్దైపోతాయి. లావువైతే ఐదు నిమిషాలు నాననివ్వాలి. పెరుగు, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలిపితే ఇడ్లీ కావాలని పేచీ పెట్టే మా పిల్లలు కూడా మాట్లాడకుండా తినేశారు. గదిలో కెటిల్ ఉన్నా అందులో గుడ్లు ఉడకబెట్టకండి, మనకంటే ముందు ఎవరేం వేశారో! ఎండలో తిరిగొచ్చాక బండి మీద చోడి (రాగి) అంబలి కనిపిస్తే మాత్రం వదలొద్దు. కూల్‌డ్రింక్ కంటే చవక, కడుపూ నిండుతుంది.